దిగేది కొత్తపేట, బోర్డు మీద విక్టోరియా

దిల్‌సుఖ్‌నగర్: అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్.బి.నగర్ స్టేషన్లకు జనం నోట నలిగిన పేర్లే పెట్టారు. చిక్కల్లా చైతన్యపురి తర్వాత వచ్చే స్టేషనుతోనే. ఆ చోటును ఊరంతా కొత్తపేట అంటుంది. బోర్డు మాత్రం విక్టోరియా మెమోరియల్ అంటుంది. కొత్తగా వచ్చిన ప్రయాణీకుడు స్టేషన్ల పట్టికను రెండుసార్లు చదివినా కొత్తపేట కనిపించదు. పక్కవారు చెబితే సరి, లేకుంటే ఎల్.బి.నగర్ దాకా పోయి వెనక్కి రావలసిందే.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆరవ నిజాం హయాంలో విక్టోరియా రాణి స్మృత్యర్థం అనాథ బాలల కోసం నెలకొల్పిన హోమ్ సరూర్‌నగర్‌లో ఉన్నది. అయితే ఆఫీసు వేళకు పరుగెత్తే వారికి ఈ చరిత్ర ఎక్కడ గుర్తుంటుంది?

అలాగని అందరికీ తెలిసిన గుర్తునే పేరుగా పెట్టినా ముప్పు తప్పదు. ఒకప్పుడు కొత్తపేట అనగానే పండ్ల మార్కెట్టే. ఆ పేరే పెట్టి ఉంటే, 2021లో మార్కెట్టు బాటసింగారానికి తరలిన తర్వాత, మామిడిపండ్లకని దిగినవారు ఉత్త సంచులతో ఇల్లు చేరేవారు.

లాల్ బహదూర్ శాస్త్రి పేరు రెండక్షరాలకు కుదించుకుపోయినా, ఎల్.బి.నగర్ అంటే ఆటోలోనైనా, బస్సులోనైనా, రైలులోనైనా ఒకటే చోటు. విక్టోరియా పక్కన కొత్తపేట అని చేర్చడానికి బోర్డు మీద జాగా లేకపోలేదు.