ఇంటూ గుర్తు లేని రైలు

ఎన్నూరు స్టేషన్‌లో గుమ్మిడిపూండి లోకల్ కోసం నిలబడితే విజయవాడ వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లు మన ముందునుంచే దూసుకుపోతాయి. చివరి పెట్టె వెనక పసుపురంగు ఇంటూ గుర్తు కనబడితేనే బండి మొత్తం దాటినట్టు. ట్యూషన్‌కొచ్చే కుర్రాడొకడు, "సి భాషలో పదం ఎక్కడ అయిపోయిందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది సార్?" అంటే ఆ గుర్తునే చూపించాను. పదం చివర ఒక సున్నా బైటు ఉంటుంది, అంతే. పొడవెంతో ముందుగా ఎవరూ చెప్పరు.

పదాన్ని నకలు చేసే సి ఫంక్షన్ స్ట్ర్‌కాపీ ఆ సున్నా దాకా కళ్లు మూసుకుని పోసేస్తుంది. పోస్తున్న డబ్బా ఎంతదో దానికి పట్టదు. పరికరాల్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాంలో అలా పొంగితే తడిసేది ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డయిన కెర్నెల్ సొంత మెమరీ.

"మరి స్ట్ర్‌ఎన్‌కాపీకి కొలత ఇస్తాంగా?" అన్నాడు వాడు. ఇస్తాం. కానీ అది పాత యూనిక్స్‌లో ఫైలు పేర్లు పెట్టుకునే 14 బైట్ల గడికి సరిపోయే సరుకు. పేరు చిన్నదైతే మిగిలిన గడంతా సున్నాలు పోస్తుంది, పేరుతోనే గడి నిండితే ఒక్క సున్నా కూడా పెట్టదు. ఇంటూ గుర్తు లేకుండా బండిని పంపేస్తుంది!

1998లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు, టాడ్ మిల్లర్, థియో డి రాట్, స్ట్ర్‌ఎల్‌కాపీ తెచ్చారు. సున్నా తప్పకుండా పెడుతుంది. అయితే అసలు పదం పొడవెంతో కూడా చెబుతానంటుంది. చెప్పాలంటే ఆ పదం చివరిదాకా నడవాలి. పరికరం పంపిన పేరుకి సున్నాయే లేకపోతే ఆ నడక ఎక్కడ ఆగుతుందో!

2015లో క్రిస్ మెట్‌కాఫ్ లినక్స్‌కిచ్చిన స్ట్ర్‌ఎస్‌కాపీ ఆ వాగ్దానం మానేసింది. ఎన్ని బైట్లు పట్టాయో చెబుతుంది, పట్టకపోతే పట్టలేదని తప్పు కోడ్ ఇస్తుంది. నాకు ముచ్చటేసేది అది సున్నాని వెతికే తీరు. ఎనిమిది బైట్లు ఒకే సంఖ్యగా తీసుకుని, ప్రతి బైటులోంచీ ఒకటి తీసేస్తుంది. సున్నా బైటు పక్కదాని దగ్గర అప్పు చేసి 255 అవుతుంది, దాని పైబిట్టు వెలుగుతుంది. ముందునుంచే పైబిట్టు వెలుగుతున్నవీ ఉంటాయి (అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు బైట్లన్నీ ఆ బాపతే). అసలు సంఖ్యలో బిట్లన్నీ తిరగేసి 'అండ్' చేస్తే అవి ఆరిపోతాయి. ఎనిమిది చూపులు ఒక్క చూపయ్యాయి. ఒకేసారి ఎనిమిది చదివితే 4096 బైట్ల పేజీ గట్టు దాటి లేని చోట కాలు పడొచ్చు, అందుకని అలాంటి చోట ఒక్కో బైటే చూస్తూ నడుస్తుంది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి లినక్స్ డ్రైవర్లలో పాత ఫంక్షన్ల బదులు స్ట్ర్‌ఎస్‌కాపీ పెట్టే పని సాగింది. తమాషా ఏమిటంటే, ఎన్నో ఏళ్లు కాదన్న సి లైబ్రరీ జీలిబ్‌సీ 2023లో స్ట్ర్‌ఎల్‌కాపీని చేర్చుకుంటే, 2024లో వచ్చిన లినక్స్ కెర్నెల్ 6.8 దాన్ని తీసేసింది.

మావాడు స్ట్ర్‌ఎస్‌కాపీ పద్ధతిలో సొంత ఫంక్షన్ రాసి, 16 బైట్ల డబ్బాలో 'ఎన్నూరు' పోశాడు. తెరమీద 'ఎన్నూ' అని వచ్చింది.

"'రు' ఏది సార్?"

ఊరి పేరు 21 బైట్లు. సున్నాకి ఒకటి పోగా డబ్బాలో మిగిలినవి 15. "15 బైట్ల డబ్బాలో పోసి చూడు" అన్నాను. ఈసారి 'ఎన్న', దాని పక్కన ప్రశ్నార్థకం. కొమ్ముదీర్ఘానికున్న మూడు బైట్లలో రెండే పట్టాయి.