పి.వి.నరసింహారావు బహుభాషా పరిజ్ఞానం

పాములపర్తి వెంకట నరసింహారావు (1921 జూన్ 28 - 2004 డిసెంబరు 23) 1991 నుండి 1996 వరకు భారత ప్రధానమంత్రిగా పనిచేసిన తెలుగువాడు. దేశ నాయకులలో అధిక సంఖ్యలో భాషలు తెలిసినవాడిగా ఆయన ప్రసిద్ధుడు. హైదరాబాదులో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు, శంషాబాదు విమానాశ్రయానికి వెళ్ళే దారిలో, 11.6 కిలోమీటర్ల పొడవున నిర్మించిన వంతెన రహదారికి ఆయన పేరు పెట్టారు. విమానాశ్రయం 2008 మార్చిలోను, ఈ రహదారి 2009 అక్టోబరులోను ప్రారంభమయ్యాయి. దేశదేశాల వారు నగరంలోకి వచ్చే బాటకు బహుభాషావేత్త పేరు ఉండడం సముచితంగా ఉంది.

భాషలు అబ్బిన తీరు

పి.వి. భాషా పరిజ్ఞానానికి ప్రతిభతో పాటు ఆయన పెరిగిన కాలం కూడా కారణం. వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో పుట్టి, కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన ఆయనకు ఇంటి భాష తెలుగు. అప్పటి నిజాం రాజ్యంలో పాలనకు, చదువుకు ఉర్దూయే మాధ్యమం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైతం బోధన ఉర్దూలోనే సాగేది. 1938 నాటి వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్న విద్యార్థులను బహిష్కరించినపుడు, వారిలో ఒకడైన పి.వి. నాగపూరు వెళ్ళి చదువు కొనసాగించాడు. ఆ విధంగా హిందీ, మరాఠీ భాషలతో సాన్నిహిత్యం ఏర్పడింది. స్వస్థలంలో చదువుకు అడ్డుపడిన శిక్షయే మరో రెండు భాషలకు ద్వారం తెరిచింది.

విదేశీ భాషలు

ఇంగ్లీషు కాక, స్పానిష్, ఫ్రెంచి, పారశీకం, అరబ్బీ భాషలు ఆయనకు వచ్చునని చెబుతారు. వీటిలో స్పానిష్‌ను పెద్ద వయసులో నేర్చుకున్నాడు. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషలను కూడా అదే శ్రద్ధతో అభ్యసించాడు. 

ఆయనకు తెలిసిన భాషల సంఖ్యను కొందరు పది అనీ, కొందరు పదిహేడు అనీ రాశారు. చదివి అర్థం చేసుకోవడం, మాట్లాడడం, ఆ భాషలో రచన చేయడం వేర్వేరు సామర్థ్యాలు. వీటిలో దేనిని "భాష రావడం"గా లెక్కిస్తే ఆ సంఖ్య వస్తుంది. కనుక సంఖ్యకన్నా ఆయన మిగిల్చిన రచనలే గట్టి ఆధారం.

అనువాదాలు

విశ్వనాథ సత్యనారాయణ నవల "వేయిపడగలు"ను ఆయన "సహస్రఫణ్" పేరుతో హిందీలోకి అనువదించగా భారతీయ జ్ఞానపీఠ్ ప్రచురించింది. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను "అబల జీవితం" పేరుతో తెలుగులోకి తెచ్చాడు. దీనిని కేంద్ర సాహిత్య అకాడమీ ప్రచురించింది. 1998లో వెలువడిన ఆయన స్వీయ నవల "ది ఇన్‌సైడర్" ఇంగ్లీషులో రాసినది. ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు తయారుచేయడానికి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీకి ఆయనే తొలి అధ్యక్షుడు. పరభాషలు నేర్చినవాడు మాతృభాషను విడువలేదనడానికి ఇది నిదర్శనం.

దౌత్యంలో భాష

దౌత్య చర్చలు నాయకుని భాషాజ్ఞానంపై ఆధారపడవు. ఒక్క మాట తేడా వచ్చినా దేశానికి నష్టం కలుగవచ్చు. అందువల్ల అధికారిక చర్చలలో దుబాసీలు ఉంటారు, ఒప్పందాల పాఠాలను నిపుణులు సరిచూస్తారు. పి.వి. చైనా పర్యటనలో, 1993 సెప్టెంబరు 7న బీజింగులో కుదిరిన సరిహద్దు శాంతి ఒప్పందాన్ని హిందీ, చైనీ, ఇంగ్లీషు భాషలలో రాసి, మూడింటికీ సమాన ప్రామాణ్యం ఇచ్చారు. అయితే ఎదుటివారి భాష తెలిసిన నాయకుడు దుబాసీ అనువదించే లోపు జవాబు ఆలోచించుకోగలడు. వారి సాహిత్యాన్ని, స్వభావాన్ని నేరుగా గ్రహించగలడు. పి.వి. మితభాషిత్వం వలన, "అన్ని భాషలలోనూ మౌనంగా ఉండగలడు" అనే చమత్కారం కూడా ప్రచారంలోకి వచ్చింది.

ఇతర నాయకులు

రాజ్యాంగం ప్రకారం దేశాధినేత రాష్ట్రపతి, ప్రభుత్వాధినేత ప్రధానమంత్రి. రాష్ట్రపతులలో కూడా భాషావేత్తలున్నారు. రాజేంద్ర ప్రసాద్ బాల్యంలో మౌల్వీ వద్ద పారశీకం నేర్చుకున్నాడు. బెర్లిన్‌లో డాక్టరేటు పొందిన జాకీర్ హుసేన్, ప్లేటో "రిపబ్లిక్"ను ఉర్దూలోకి అనువదించాడు. తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ సంస్కృత ఉపనిషత్తులను, పాళీ ధమ్మపదాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు.

పి.వి.కి 2024లో భారతరత్న పురస్కారం ప్రకటించారు.