ఓడ పద్దులో మన తాలూకాలు

పలమనేరు నుంచి మొగిలి ఘాటు దిగితే చిత్తూరు, ఇంకా కిందికి పోతే వాలాజా. మద్రాసు రాయపురం నుంచి అక్కడికి 1856లోనే రైలు పడింది. దక్షిణాదిలో మొదటి రైలు అదే. కూలి దొరకని మనిషికి మద్రాసు ఒక్కసారిగా దగ్గరైపోయింది. మద్రాసులో వలస కూలీల డిపో, డిపో దాటితే ఓడ. ఈ ప్రాంతంలో వలస అనగానే బెంగళూరు, గల్ఫు గుర్తొస్తాయి గానీ, ఆ ఓడల సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

1860 అక్టోబరులో మద్రాసు వదిలిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది. డర్బన్ ఉన్న ప్రాంతం నేటాల్. అక్కడి తెల్లదొరల చెరకు తోటల్లో అయిదేళ్లు పనిచేయాలన్నది ఒప్పందం. జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక్కో షిల్లింగు పెంపు, తిండి గింజలు అదనం. 1871లో తిరిగొచ్చిన తొలి బృందాలు అక్కడి దెబ్బల గురించీ, ఎగ్గొట్టిన జీతాల గురించీ ఫిర్యాదు చేస్తే విచారణ జరిగింది. అప్పటికే ఆగి ఉన్న వలస 1874లో మళ్లీ మొదలైంది. రెండేళ్లకే 1876–78 నాటి మహా కరువు వచ్చిపడింది. డిపోకు మనుషుల కొరత లేకుండా పోయింది. 1911లో ఈ వలస ఆగేనాటికి నేటాల్ వెళ్లినవారు 1,52,000 మందికి పైనే. వాళ్లలో మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లు.

ప్రతి ఓడకూ ఒక పద్దు ఉండేది. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు అందులో రాసేవాళ్లు. అన్నింటికీ ముందు ఒక నంబరు. నేటాల్‌లో ఆ మనిషి జీతానికీ కోర్టుకీ ఆ నంబరే గుర్తు. ఆ పద్దుల్లో జిల్లా గడిలో తరచుగా కనిపించే పేర్లలో ఉత్తర ఆర్కాటు ఒకటి. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు జమీను అప్పట్లో ఆ జిల్లాలోవే.

ఇదే కాలంలో ఇంకో సముద్రం మీద ఇలాంటి కథే నడిచింది. 1885 నుంచి హిరోషిమా, యమగుచి వంటి ప్రాంతాల రైతులు హవాయి చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్లారు. జపాను వాళ్లు ఆ తొలితరాన్ని ఇస్సెయి అంటారు. వాళ్ల మెడలో నంబరు చెక్కిన లోహపు బిళ్ల, దాని పేరు బాంగో. స్వదేశంలో ఫలానా ప్రాంతం వాడిగా బతికిన మనిషి హవాయి దొరకు ఉత్త జపాను వాడు. మనవాళ్లకూ అదే జరిగింది. ఫలానా ఊరు, ఫలానా ఇంటిపేరు, ఫలానా అమ్మవారి కొలువు అని చెప్పుకున్నవాళ్లు నేటాల్‌లో ‘మద్రాసీలు’ అయ్యారు. తెలుగువాళ్లం అనే గుర్తింపును వాళ్లు ఇక్కడినుంచి మోసుకెళ్లలేదనే నా అభిప్రాయం. దాన్ని తయారుచేసుకున్నది తర్వాతి తరాలు.

వాళ్లు మోసుకెళ్లింది దేవుళ్లను. కుప్పం, పలమనేరుల్లో తిరుపతి గంగమ్మ జాతరకు, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు వెళ్లినవాళ్లకు నేటాల్ మారియమ్మ గుళ్లు కొత్తగా తోచవు. అమ్మకు పోసే అంబలి అక్కడా ఉంది. రాగిపిండి బదులు తోటల్లో చవగ్గా దొరికిన మొక్కజొన్న పిండితో కాచి, పులియబెట్టి పోస్తారు. చిత్తూరు జిల్లా ధర్మరాజు గుళ్లలో భారతం ముగిశాక నిప్పులు తొక్కినట్టే అక్కడా అగ్నిగుండం తొక్కుతారు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ గుడిలో మాత్రం అది గుడ్ ఫ్రైడే నాడు. చెరకు కూలీకి దొర సెలవిచ్చేదే పండగ రోజు, పంచాంగం తర్వాతి సంగతి. మనం పెరటాసి శనివారాలంటామే, అక్కడి తెలుగు, తమిళ కుటుంబాలు ఆ నెలంతా మాంసం మాని గోవింద నామం చెప్పుకోవడం నేటికీ ఉంది.

భాష అంత గట్టిగా నిలవలేదు. తోట లైన్లలో తెలుగువాళ్లూ తమిళులూ పక్కపక్కనే ఉన్నారు. పలమనేరు, కుప్పం వైపు మనిషికి అరవం మాట్లాడటం కష్టమేమీ కాదు, కన్నడమూ చెవిన పడుతూనే ఉంటుంది. సరిహద్దు మనిషికి ఇక్కడ వరమైన ఈ నేర్పే అక్కడ అతని తెలుగును తొందరగా కరిగించి ఉంటుంది. దానికి తోడు ఓడల్లో వంద మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లే, కులం కుదరాలి, భాష కుదరాలి అంటే పెళ్లి కుదరదు. హవాయి జపాను వాళ్లు ఫోటోలు పంపి ఊరి నుంచి పెళ్లికూతుళ్లను రప్పించుకున్నారు. మనవాళ్ల పెళ్లిళ్లకైతే 1913లో కేప్ కోర్టు జడ్జి సియర్ల్ చట్టబద్ధతే లేదన్నాడు. క్రైస్తవ పద్ధతిలో జరగనివి చెల్లవట. ఆ ఏడాది గాంధీ సత్యాగ్రహంలో ఆడవాళ్లు జైలుకు పోయారంటే పోరా మరి!

ఒప్పందం ముగిసినా తిరిగిపోకుండా ఉండిపోతే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. మూడు పౌన్లంటే 60 షిల్లింగులు, కొత్త కూలీకి ఆరు నెలల జీతం. కట్టలేనివాడు మళ్లీ ఒప్పందంలోకి దిగాలి, లేదా ఓడెక్కాలి. 1914లో గానీ ఆ పన్ను పోలేదు. అన్నేళ్లు దాన్ని భరించి నిలబడినవాళ్ల పిల్లలు, మనవళ్లే నాయుడులూ, రెడ్డిలూ, మునుసామిలూ అయ్యారు. తాత ఒంటిపేరు మనవడికి ఇంటిపేరు కావడం అక్కడ మామూలే. అప్పలసామి అని వింటే విశాఖ వైపు అనుకోవచ్చు, మునుసామి అంటే నాకు మన వైపే గుర్తొస్తుంది.

1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది. తెలుగు బడులు, పోటీలు, పండగలు దాని చుట్టూ అల్లుకున్నాయి. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో అధికరణం ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగు పేరు రాసింది, కాకపోతే ఇంగ్లీషులో ‘తెలెగు’ అని. ఇళ్లలో మాట్లాడేది మాత్రం చాలాకాలంగా ఇంగ్లీషే.

ఓడ నంబరు పట్టుకుని ముత్తాత ఊరు వెతుకుతూ అక్కడినుంచి వచ్చేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. గుమాస్తా చెవికి తోచినట్టు రాసిన ఊరి పేర్లు వాళ్లను తికమక పెడతాయి. జిల్లా పేరైతే మరీ మోసం. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పలమనేరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. పద్దులో ఉత్తర ఆర్కాటు అని చూసి నేరుగా వేలూరు వైపు వెళ్లేవాళ్లకు ఎవరైనా ఈ సంగతి చెప్పాలి. కడప అని ఉంటే మదనపల్లె, వాయల్పాడు కూడా చూడమనాలి.