పాత మిద్దె, క్రొత్త కాపురము

అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెలలో నేటికిని మట్టిమిద్దెలు పెక్కు గలవు. 2022వ సంవత్సరము వరకు ఈ రెండును ఒకే జిల్లా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ మెట్టసీమలో వాలుకప్పుతో పనిలేదు. రాయి చేరువ, ఎండ మెండు. కనుకనే పెద్దలు రాతిగోడలపై మట్టికప్పు వేసి మిద్దెలు కట్టుకొనిరి. ఇప్పుడు వారి మనుమలు వాటిని పడగొట్టి సిమెంటు స్లాబు వేయించుచున్నారు. కొందరికి అది తప్పనిసరియే. కాని గోడలు గట్టిగానున్న ఇంటిని చక్కదిద్ది, లోపల నేటి కాపురమునకు తగినట్లు అమర్చుకొనవచ్చునని మా అభిప్రాయము.

మొదట ప్రాణముల మాట. పాత మిద్దెలో భయపడవలసినది కప్పు బరువునకు. దూలములపై దంతెలు, దంతెలపై కట్టెలు గాని బండలు గాని, ఆపై ఆకు, మట్టి, అన్నిటిమీద చౌడు. చౌడునేల పైరుకు పనికిరాదు. ఏ గుణముచేత పనికిరాదో ఆ గుణమే మిద్దెకు మేలు. అందలి సోడియము వలన, తడి తగిలినంతనే మట్టిరేణువులు విడివడి ఉబ్బి సందులను మూసివేయును. నీరు క్రిందికి దిగదు. అయితే గాలికి, వానకు చౌడు కొట్టుకొని పోవును గనుక కొన్నేండ్లకొకసారి క్రొత్తది చల్లుట వాడుక. పాతది తీయకుండ పైపైన చల్లుచు పోయిన ఏమగును? 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిపై అర అడుగు మందము మట్టి యున్నచో అది 60 ఘనపుటడుగులు. ఘనపుటడుగు పొడిమట్టి దాదాపు 45 కిలోలు తూగును. అనగా 27 క్వింటాళ్లు. రెండు తరములలో మందము అడుగైనచో 54 క్వింటాళ్లు. తడిసిన ఇంకను ఎక్కువ. చెదలు తినిన దూలము ఈ భారమును ఎట్లు మోయగలదు? ముసురు పట్టిన రాత్రులలో మిద్దె కూలి, నిద్రలోనే కుటుంబములు మడిసిన వార్తలు రాయలసీమలో పలుమార్లు వినవచ్చినవి.

కావున బాగుచేత పైనుండి ఆరంభము కావలెను. వానకాలమునకు ముందే, ఎండలలో, దూలములకు పోటుకర్రలు పెట్టి, క్రింద మనుష్యులెవ్వరును లేకుండ పాతమట్టి నంతయు దింపవలెను. దూలము నడుమ కన్న గోడలో దాగిన కొనలను చూచుట ముఖ్యము. చెమ్మయు చెదలును మొదట పట్టునది అక్కడనే. ఇనుప మొల సులువుగా దిగబడిన చోట కలప చచ్చినదని తెలియవలెను. అట్టి దూలమునకు రంగు పూసి లాభము లేదు, మార్చవలసినదే. ఇకమీద ఎంత చౌడు క్రొత్తగా వేయుదురో అంత పాతమట్టిని ముందుగా గీకి దింపుడు. గోడ ఉబ్బి పొట్ట వచ్చినను, మూలలు విడిచినను ఆ ఇల్లు ఖాళీచేసి ఇంజనీరుకు చూపుడు.

గోడలకు సిమెంటు పూత వేయించుట నేడు గొప్పగా భావింపబడుచున్నది. మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడకు ఇది కీడు. నేలనుండి ఎక్కిన చెమ్మ గోడముఖము గుండా ఆరిపోవలెను. సిమెంటు ఆ దారిని మూయును. చెమ్మ లోపల నిలిచి అడుసును మెత్తబరచును, పూత పెచ్చులూడును. మట్టిపూత, దానిపై సున్నము చాలును. సున్నపు పని ఎన్నాళ్లు నిలుచునో తెలియగోరువారు పెనుకొండలోని విజయనగరకాలపు గగన్‌మహలును చూడవచ్చును.

ఇక లోపలి అమరిక. ఒకప్పుడు ఎద్దులును మనుష్యులును ఒకే కప్పు క్రింద నుండిరి. ఎద్దుల స్థానమున ట్రాక్టరు వచ్చిన ఇండ్లలో ఆ భాగము పాత సామానుతో నిండి వృథాగా నున్నది. నేల సరిచేసి తాడిపత్రి బండలు పరచినచో అది ఇంటిలోకెల్ల విశాలమైన గది యగును. గోడ మందము రెండడుగుల వరకు ఉండుటచే పగటి వేడి లోపలికి చేరుటకు చాల గంటలు పట్టును. పిల్లలు చదువుకొనుటకు మధ్యాహ్నము ఇంతకన్న చల్లని తావు దొరకదు. దీపపు గూళ్లను పూడ్చి బీరువాలు కొనువారిని మేము చూచితిమి. ఆ గూటిలోనే రెండు పలుచని బండలు అమర్చిన పుస్తకములకు, మందులకు చోటు కలుగును, చెదలు పట్టదు.

చీకటి ఈ ఇండ్ల పెద్ద లోపము. కప్పులోని గవాక్షిని కట్టెపొయ్యి పోగానే మూసివేయుచున్నారు. మూయక, దాని చుట్టు అరడుగు ఎత్తున అంచు కట్టి, పైన గాజుపలకను కొంచెము లేపి నిలిపినచో వాన రాదు, వెలుగు వచ్చును, వేడిగాలి పోవును. గ్యాసు పొయ్యికి బండతో గట్టు ఆ వెలుగు పడుచోట వేయించుడు. గట్టును ఇల్లాలి ఎత్తునకు కట్టవలెను, మేస్త్రీ ఎత్తునకు గాదు!

పాత తలుపులు, ద్వారబంధములు, చెక్కడపు స్తంభములు కొనుటకు వచ్చువారికి తొందరపడి ఇచ్చివేయకుడు. తమిళనాట కారైకుడి ప్రాంతపు చెట్టియార్ల భవనములనుండి ఇట్టివి ఎన్నియో అంగళ్లకు చేరినవి. గట్టి కలపతో అట్టి తలుపు నేడు చేయించిన ఎంత యగునో వడ్రంగిని అడిగి తెలిసికొనుడు.

మట్టికి బదులు బండలపై సున్నపు గచ్చు వేసికొన్నవారు ఏటేట తెల్లసున్నము కొట్టినచో ఎండవేడి వెనుకకు మరలును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానమునకు మూలసూత్రము ఇదియే. నీళ్ల ట్యాంకును మాత్రము మట్టిమిద్దెపై పెట్టరాదు. 500 లీటర్ల ట్యాంకు నిండిన 5 క్వింటాళ్లు తూగును. దొడ్డిలో వేరుగా రాతి దిమ్మె కట్టి దానిపై నిలుపుడు.