గడియారములకు పెద్ద దిక్కు

హైదరాబాదు నగరమున చార్మినారునకు నాలుగు వైపుల నాలుగు గడియారములు కలవు. వానిని 1889వ సంవత్సరమున అమర్చిరి. ఏ వీధినుండి వచ్చువారికైనను వేళ తెలియవలెనని ఆ ఏర్పాటు. ఆ నాలుగును నాలుగు వేళలను చూపినచో ఏమగునో ఆలోచింపుడు. తూర్పున నిలిచినవానికి ఇంకను బడివేళ కాలేదు. పడమట నిలిచినవానికి బడిగంట మ్రోగి చాలసేపైనది. గడియారమే లేని ఊరిలో పని ఏదో విధముగా సాగును గాని, ఒకదానితో నొకటి పొసగని గడియారములున్న ఊరిలో పని సాగదు.

ఈనాడు గడియారములు గోపురములపైనను, మణికట్టుపైనను మాత్రమే లేవు. ప్రతి కంప్యూటరు లోపలను ఒక గడియారము కలదు. కంప్యూటరును ఆపివేసినను అది చిన్న బ్యాటరీ బలముతో నడచుచునే యుండును. అయితే అది చౌకయైన గడియారము. దినమునకు ఒకటి రెండు సెకనులు ముందునకో వెనుకకో జరుగుట దానికి సహజము. ఒంటరిగా పనిచేయు కంప్యూటరునకు దీనివలన హాని లేదు. అనేక కంప్యూటరులు ఒక కుటుంబమువలె కలసి పనిచేయునపుడు మాత్రము ఈ చిన్న లోపమే పెద్ద చిక్కును తెచ్చును. ఎట్లో ఒక ఉదాహరణముతో తెలిసికొందము.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అనునవి హైదరాబాదునకు తూర్పుదిక్కున నున్న పేటలు. 2018వ సంవత్సరము సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడువసాగినది. ఈ రెండు పేటల నడుమ చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అను రెండు స్టేషనులు మాత్రమే కలవు. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణకేంద్రములకు పేరుపడిన చోటు. ఉదయము పుస్తకముల సంచులతో రైలు దిగు విద్యార్థులతో ఆ వీధులు కిటకిటలాడుచుండును.

అక్కడ ఒక విద్యాసంస్థ కలదనుకొందము. దాని ప్రధాన కార్యాలయము దిల్‌సుఖ్‌నగర్‌లోను, శాఖ ఎల్.బి.నగర్‌లోను ఉన్నవి. రెండుచోట్ల నున్న కంప్యూటరులన్నియు ఒకే నెట్‌వర్కులో చేరియున్నవి. ఎవరు లోనికి రావచ్చును, ఎవరు రారాదు, ఎవరు ఏ పత్రమును చూడవచ్చును అని నిర్ణయించు పెద్ద కంప్యూటరు ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నది. దానిని డొమైన్ కంట్రోలరు అందురు. ఆ ఇంటికి ద్వారపాలకుడు అదియే, లెక్కలు వ్రాయు కరణము కూడ అదియే.

ఆ యంత్రము పాతబడినది. వేసవి సెలవులలో క్రొత్త యంత్రమును తెచ్చి, పేర్లు, సంకేతపదములు, అనుమతులు అన్నియు దానిలోనికి మార్చిరి. పాతదానిని ఆపివేసిరి. సెలవుల తరువాత అంతయు చక్కగా నడచినది. నెలలు గడచినవి. సంక్రాంతి ముందు ఒకనాటి ఉదయమున ఎల్.బి.నగర్ శాఖలో పరీక్ష. విద్యార్థులు కంప్యూటరుల యెదుట కూర్చుండి తమ పేరును, సంకేతపదమును వ్రాసిరి. కొన్ని కంప్యూటరులు తెరచుకొన్నవి, కొన్ని తెరచుకొనలేదు. ఒక బాలిక మూడుసార్లు వ్రాసి, మూడుసార్లును నిరాకరింపబడి కంటనీరు పెట్టుకొన్నది. “సంకేతపదము మరచితివేమో, అమ్మా!” అని ఉపాధ్యాయుడనెను. “లేదండీ, సరిగానే వ్రాసితిని” అని ఆమె బదులు చెప్పెను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరికిని ఏ చిక్కును లేదు. పరీక్షవేళ గడచిపోవుచుండెను.

బాలిక సరిగానే వ్రాసినది. లోపము వేళలో ఉన్నది. దానిని గ్రహించుటకు ద్వారపాలకుని పద్ధతిని తెలిసికొనవలెను. విండోస్ డొమైనులలో ఈ కావలిపని చేయు పద్ధతికి కెర్బెరాస్ అని పేరు. గ్రీకుల పురాణములలో పాతాళద్వారమును కాయు మూడుతలల కుక్క పేరది. మనము లోనికి పోగోరినపుడు మన కంప్యూటరు ఒక చీటీ వ్రాసి, అందులో అప్పటి వేళను రహస్యలిపిలో పొందుపరచి పంపును. వేళ ఎందులకు? దొంగ ఒకడు త్రోవలో ఆ చీటీని నకలు చేసికొని, తరువాత దానినే చూపి లోనికి చొరబడవచ్చును గదా! చీటీలోని వేళకును, కంట్రోలరు వేళకును 5 నిమిషములకు మించిన భేదమున్నచో ఆ చీటీ చెల్లదు. సాధారణముగా పాటించు నియమమిది. ఎల్.బి.నగర్‌లోని కొన్ని గడియారములు ఈ హద్దును దాటినవి. ఒక్కొక్క గడియారము ఒక్కొక్క వేగముతో తప్పును గనుక, కొన్ని తెరచుకొని కొన్ని తెరచుకొనకుండెను.

అయినచో దూరముననున్న రెండు గడియారముల భేదమును కనుగొనుట ఎట్లు? వేళ అడిగి తెచ్చులోపల కొంత వేళ గడచిపోవును గదా! ఈ చిక్కును తీర్చు పద్ధతి ఒకటి కలదు. అమెరికాకు చెందిన డేవిడ్ మిల్స్ అను శాస్త్రవేత్త 1985లో ప్రకటించిన నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ అనునది అదియే. దానిని మన పేటలతోనే చూతము. ఒక దూత ఎల్.బి.నగర్ గడియారము 10 గంటలు చూపునపుడు బయలుదేరెను. దిల్‌సుఖ్‌నగర్ చేరునప్పటికి అక్కడి గడియారము 10 గంటల 16 నిమిషములు చూపెను. ఆ గడియారము 10 గంటల 18 నిమిషములు చూపునపుడు తిరుగుముఖము పట్టెను. ఎల్.బి.నగర్ చేరునప్పటికి అక్కడ 10 గంటల 22 నిమిషములు. ఇప్పుడు లెక్క వేయుడు. దూత వెడలి వచ్చుటకు పట్టినది 22 నిమిషములు. అందులో 2 నిమిషములు దిల్‌సుఖ్‌నగర్‌లో నిలిచినవి. మిగిలిన 20 నిమిషములు ప్రయాణము. రాకపోకలు సమానమైనచో ఒక్కొక్క వైపునకు 10 నిమిషములు. 10 గంటలకు బయలుదేరినవాడు 10 గంటల 10 నిమిషములకు చేరవలెను; కాని అక్కడ 16 నిమిషములైనది. కనుక రెండు గడియారముల భేదము 6 నిమిషములు. కంప్యూటరులు చేయు లెక్కయు ఇట్టిదే. వాని దూత మాత్రము సెకనులో స్వల్పభాగములోనే పోయి వచ్చును. పోవునపుడు రైలులో పోయి, వచ్చునపుడు రద్దీ రోడ్డున చిక్కుకొన్నచో ఈ లెక్క తప్పును. రాకపోకలు సమానముగా ఉండుట దీనికి ప్రాణము.

సరే, 6 నిమిషముల భేదమని తెలిసినది. తప్పు ఎవరిది? ఎల్.బి.నగర్ గడియారమును దిల్‌సుఖ్‌నగర్ గడియారముతో కలిపిన చాలునని తొందరపడి చెప్పరాదు. ఆ రెంటికంటె పెద్దదగు మూడవ గడియారమును అడుగవలెను. మన దేశమున 1906వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి భారత ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చినది. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి దానిని లెక్కింతురు. ఆ రేఖ మన కాకినాడకు సమీపముననే పోవుచున్నది. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున, హైదరాబాదులో సూర్యుని బట్టి చూచు వేళ దీనికంటె సుమారు 16 నిమిషములు వెనుకబడి యుండును. ఏ ఊరికావూరు తన సూర్యుని నమ్ముకొన్నచో రైళ్లు నడువవు. కావుననే అందరికి ఒక వేళ ఏర్పడినది. క్రొత్త ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీసియము అణువులతో పనిచేయు గడియారములతో ఈ కాలమును కాపాడుచున్నది. సంస్థల కంప్యూటరులు ఆ ప్రయోగశాల యొక్కగాని, జాతీయ సమాచార కేంద్రము యొక్కగాని కాలసేవను అనుసరింపవలెనని, లేదా వానితో పొసగు మరియొక సేవను అనుసరింపవలెనని 2022వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన ప్రభుత్వసంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించినది.

నిపుణుడు వచ్చి పరీక్షింపసాగెను. మొదట ఎల్.బి.నగర్ కంప్యూటరును, “నీవు వేళను ఎవరిని అడుగుచున్నావు?” అని ప్రశ్నించెను. ఇట్లు ప్రశ్నించుటకు విండోస్‌లో ఒక ఆజ్ఞ కలదు. వెనుకటి ఏర్పాటు ప్రకారము ఆ కంప్యూటరు పాత యంత్రము పేరే పట్టుకొని యున్నది. పాత యంత్రము ఆగిపోయి నెలలైనది. బదులు చెప్పువారు లేక అది తన గడియారముతోనే కాలము గడుపుచున్నది. రెండవ ప్రశ్న క్రొత్త కంట్రోలరునకు. అదియు తన బ్యాటరీ గడియారమునే నమ్ముకొని యున్నది! ప్రామాణిక కాలముతో పోల్చి చూడగా క్రొత్త కంట్రోలరు 4 నిమిషములు ముందున్నది. బాలిక కంప్యూటరు 2 నిమిషములు వెనుకనున్నది. సత్యమునకు దగ్గరగా నున్నది బాలిక కంప్యూటరే. ఐనను బయట నిలిచినది అదియే.

ఇట్లేల జరిగెను? డొమైనులో ఎన్ని కంట్రోలరులున్నను వేళ విషయమున ఒక్కదానికే పెద్దరికము. ఆ పదవికి పీడీసీ ఎమ్యులేటరు అని పేరు. వేసవిలో ఆ పదవి క్రొత్త యంత్రమునకు వచ్చినది. బయట ఎవరిని వేళ అడుగవలెనను ఆదేశము మాత్రము పాత యంత్రములోనే ఉండిపోయినది. తాళపుచెవులు చేతికిచ్చి, గంట కొట్టు బాధ్యతను చెప్పక విడిచినట్లైనది.

నిపుణుడు మరి మూడు విషయములు చూచెను. నెట్‌వర్కులో ద్వారములకు అంకెలుండును. వేళ అడుగు దూతలు పోవునది 123వ ద్వారము. అది మూసియున్నచో ఎన్ని ఆదేశములిచ్చినను వ్యర్థము. ఇక, కంట్రోలరు మరియొక పెద్ద యంత్రములో కల్పిత యంత్రముగా నడచుచున్నచో ఆ యంత్రము కూడ వేళను దిద్దుచుండును. ఇద్దరు యజమానులు పనికిరారు. తుదకు కాలమండలము. కంప్యూటరు లోలోపల అంతర్జాతీయ కాలమునే లెక్కించి, దానికి 5½ గంటలు చేర్చి మనకు చూపును. కాలమండలము తప్పి తెరపై వేళ వేరుగా కనబడినపుడు మండలమునే దిద్దవలెను గాని గడియారము ముల్లు త్రిప్పరాదు.

పిదప అతడు క్రొత్త కంట్రోలరునకు జాతీయ కాలసేవను చూపించెను. దాని వేళ సరియైనంతనే, ఎల్.బి.నగర్ కంప్యూటరును తాకకముందే బాలికకు ద్వారము తెరచుకొన్నది. ఏలయన 2 నిమిషముల భేదము హద్దులోనిదే. తరువాత మిగిలిన కంప్యూటరులన్నియు పాత పేరును విడిచి క్రొత్త పెద్దను అనుసరించునట్లు చేసెను. ఉపాధ్యాయుడు ఆ బాలికకు పోయిన వేళను తిరిగి యిచ్చి, “తప్పు నీది కాదమ్మా!” అనెను.

ఒక బాధ్యత ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారునపుడు, కంటికి కనబడు వస్తువులను అందరును లెక్కపెట్టి అప్పగింతురు. కనబడని పనిని అప్పగించుట మరతురు. అది మరచిననాడు మొదట బాధపడువాడు తప్పు చేసినవాడే కానక్కరలేదు. ద్వారము బయట నిలిచిన నిరపరాధియు కావచ్చును.