మన కంచంలో ప్రభుత్వానికి ఏం పని?



రోగికి ఉప్పు తగ్గించమని చెప్పినప్పుడల్లా మా వార్డుల్లో రెండు మాటలు వినిపిస్తుంటాయి. "నా కష్టం, నా కూడు. నేనేం తినాలో చెప్పడానికి మీరెవరు?" అని రోగి అంటాడు. "అంత చెడ్డదైతే ప్రభుత్వమే ఆపేయొచ్చు కదా సిస్టరుగారూ!" అని ఇంటావిడ అంటుంది.

ఇద్దరి మాటలోనూ కొంత నిజమున్నది. మన తిండి విషయంలో ప్రభుత్వం చేయగలిగినది ఏది, ఇంటివాళ్ళు చేయవలసినది ఏది అని విడదీసి తెలుసుకుంటే రోగిని చూసుకోవడం మీకు కొంత తేలికవుతుంది. ఇందుకు ఉప్పునే ఉదాహరణగా తీసుకుందాం. నౌపడ ఉప్పుమడులు ఉన్న జిల్లావాళ్ళం, ఉప్పు సంగతి మనకు ఒకరు చెప్పాలా!

చట్టం గెలిచిన చోటు

మన శరీరానికి అయోడిన్ చాలా కొద్దిగా కావాలి. జీవితమంతటికీ కలిపితే ఒక చెంచాడు. కానీ ఆ కొద్దీ అందకపోతే గొంతు దగ్గర గాయిటర్ అనే వాపు వస్తుంది. గర్భిణీకి అందకపోతే పుట్టే బిడ్డకు బుద్ధిమాంద్యం, చెవుడు రావచ్చు.

దీనికి ఉపాయం మన దేశంలో నిరూపించి చూపినవారు మన శ్రీకాకుళం బిడ్డే. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. ఆయనా, ఆయన తోటివారూ 1956లో హిమాలయాల దిగువన ఉన్న కాంగ్రా లోయలో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మరొక ప్రాంతానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్ళకు అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. 1962లో కేంద్ర ప్రభుత్వం గాయిటర్ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

తరువాత ఇది చట్టంగా మారింది, తగవులూ వచ్చాయి. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదని 1998లో నిషేధం పెట్టారు, 2000లో ఎత్తివేశారు, 2006 మే నుండి మళ్ళీ అమలు చేశారు. అందరికీ కొరత లేనప్పుడు అందరి మీదా ఎందుకు రుద్దుతారని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ నిబంధన పాత కల్తీ నిరోధక చట్టం పరిధిని దాటిందని 2011లో కోర్టు దాన్ని కొట్టివేసి, ప్రభుత్వానికి ఆరు నెలల గడువిచ్చింది. ఇప్పుడు అయోడిన్ ఉప్పు కొత్త ఆహార భద్రతా చట్టం కింది నిబంధనల ప్రకారం నడుస్తున్నది.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. ఉప్పులో అయోడిన్ ఉన్నదో లేదో ఎంత తెలివైనవారైనా కంటితో చూసి, నాలుకతో రుచి చూసి చెప్పలేరు. తనకు తెలియని దాని గురించి మనిషి ఏమని నిర్ణయించుకుంటాడు? అటువంటి చోట చట్టం కావలసిందే. వనస్పతిలోనూ, బేకరీ సరుకుల్లోనూ ఉండి గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ సంగతీ అంతే. 2022 జనవరి నుండి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం మించరాదు.

చట్టం ఓడిన చోటు

అలాగని చట్టం అన్నిచోట్లా పనిచేయదు. డెన్మార్క్ అనే దేశం 2003లోనే ట్రాన్స్ ఫ్యాట్‌కు హద్దు పెట్టింది. తినేవారికి తేడా తెలియలేదు, చట్టం నిలిచింది. అదే దేశం 2011లో వెన్న, జున్ను, మాంసం వంటి కొవ్వు పదార్థాలపై పన్ను వేస్తే, జనం సరిహద్దు దాటి జర్మనీలో కొనుక్కొచ్చారు. ఏడాది తిరిగేసరికి పన్ను తీసేయాలని నిర్ణయించారు. సరిహద్దు దాటడమంటే ఒడిశా పక్కనున్న మనకు వేరే చెప్పాలా? మన రాష్ట్రంలో 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే పోయింది.

ఉప్పు ఎంత తినాలన్నది కూడా ఇటువంటిదే. అయోడిన్ ఉన్నా లేకపోయినా, ఎక్కువైతే ఉప్పు రక్తపోటు పెంచుతుంది. దానితో గుండె, మూత్రపిండాలు దెబ్బతింటాయి, పక్షవాతం రావచ్చు. అయినా ఏ ఇనస్పెక్టరూ మీ వంటింట్లోకి వచ్చి కూరలో ఉప్పు కొలవలేడు, కొలవకూడదు కూడా. ఎండలో పనిచేసి వచ్చిన కూలీకి గంజిలోకి ఎండుచేప ముక్కే కూర. దాని మీద పన్ను వేస్తే పోయేది అతని నోటి దగ్గర కూడు, జబ్బు కాదు.

పిల్లల విషయం మాత్రం వేరు. మంచీచెడూ ఎంచుకునే వయసు వాళ్ళకు లేదు. అందుకే బడిలోనూ, బడి గేటు నుండి 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న సరుకులు అమ్మరాదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మీ ఊరి బడి ముందు ఇది అమలవుతున్నదో లేదో హెడ్మాస్టరును అడగండి. అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఇంటివాళ్ళు చేయవలసినది

కనపడని దాన్ని చూసే పని చట్టానిది. కంచంలో కనపడే దాన్ని చూసే పని మనది.

1. లెక్క తెలుసుకోండి. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే ఒక చిన్న చెంచాడు. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్ళు వస్తున్నదో ప్యాకెట్టు మీద తేదీ వేసి చూడండి.

2. దాగిన ఉప్పును లెక్కలో కలపండి. ఆవకాయ, ఎండు నెత్తళ్ళు, అప్పడాలు, ఊరమిరపకాయలు, మిక్చరు, చిప్స్, నూడుల్స్ మసాలా పొట్లం ఇవన్నీ ఉప్పే. ప్యాకెట్టు మీద సోడియం అని ఉంటుంది. ఒక గ్రాము సోడియం రెండున్నర గ్రాముల ఉప్పుతో సమానం.

3. "సైంధవ లవణం మంచిదట" అని మార్చకండి. అదీ ఉప్పే, పైగా అయోడిన్ కలపనిది కావచ్చు. ఉప్పు మార్చడం కాదు, తగ్గించడమే మందు.

4. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే ప్యాకెట్లతో చాలా జాగ్రత్త. వాటిలో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం పేరుకుపోయి గుండె ఆగిపోయే ప్రమాదమున్నది. ఉద్దానం నుండి వచ్చే కుటుంబాలు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి. డాక్టరును అడగకుండా కొనకండి.

5. ఉప్పు పూర్తిగా మాన్పించకండి. డాక్టరు చెప్పినంతే తగ్గించండి. రోగికి విరేచనాలు, వాంతులు పట్టుకుంటే లేదా మగతగా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

6. ఉప్పు డబ్బాకు మూత పెట్టి, పొయ్యికి, తేమకు దూరంగా ఉంచండి. కూర దించే ముందు ఉప్పు వేస్తే అయోడిన్ అంతగా పోదు.

పోలీసుల్లా ఉండకండి

చాలా ఇళ్ళల్లో జరిగేది ఇది. నాన్నకు చప్పిడి కూడు పెట్టి, మిగతావాళ్ళు ఆయన ఎదుటే ఆవకాయ కలుపుకుంటారు. ఆయన పక్కింటికి పోయి తింటాడు, లేదా వార్డులో దిండు కింద పచ్చడి సీసా దాస్తాడు. అప్పుడు తిట్టుకోవడం, అలగడం, మందులు కూడా మానేయడం.

ఇంటిల్లిపాదీ ఒకే కూర తినండి. ఉప్పు ఒక్కరోజులో కాదు, వారం వారం కొద్దికొద్దిగా తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. మిరియాలు, వెల్లుల్లి, కొత్తిమీర, నిమ్మరసం వేస్తే రుచి వస్తుంది. డయాలిసిస్ చేయించుకునేవారు మాత్రం వారి ఆహార పట్టిక ప్రకారమే తినాలి. "నాన్నా, నీకు ఏది మానడం కష్టం?" అని ఆయన్నే అడగండి. వారానికి ఒక్కసారి చిన్న ముక్క ఆవకాయకు డాక్టరు ఒప్పుకోవచ్చు. తానుగా ఒప్పుకున్న హద్దును మనిషి నిలుపుకుంటాడు.

డిశ్చార్జి రోజున మందుల చీటీతో పాటు ఈ మూడూ రాయించుకుని వెళ్ళండి: రోజుకు ఎంత ఉప్పు, ఏ ఉప్పు, ఎన్ని నీళ్ళు. వంట చేసేవారే స్వయంగా వచ్చి అడిగితే ఇంకా మంచిది.