సగటులలోని భేదము: నిజమా, కాకతాళీయమా?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు గృహిణి ఒక మెతుకు పట్టి చూచును. కుండలోని మెతుకులన్నియు చూడవలసిన పని లేదు. ధాన్యపు వర్తకుడు మాత్రము బండి నిండ వచ్చిన బస్తాలలో ఒక్క గింజను చూచి బేరము కుదుర్చుకొనడు. నాలుగైదు బస్తాల నుండి, పైభాగమునను అడుగునను కూడ మచ్చు తీయించి, అరచేతిలో పోసికొని చూచును. వర్తకుని కంటె గృహిణికి తొందర యెక్కువ యని దీని కర్థము కాదు. ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడికిన మెతుకులలో పరస్పర భేదము మిక్కిలి తక్కువ. బస్తాలలోని ధాన్యమున అది యెక్కువ. లోపలి భేదమెంత యున్నదో తెలియక పైకి కనబడు మచ్చును నమ్మరాదను ఈ యెరుక మన యిండ్లలోను అంగళ్లలోను ఎప్పటి నుండియో ఉన్నదే. దీనిని లెక్కకు లోబరచిన పద్ధతులకే గణాంక శాస్త్రజ్ఞులు పరికల్పనా పరీక్ష యనియు, విస్తృతి విశ్లేషణ యనియు పేరులు పెట్టినారు.

వాణిజ్య శాస్త్రము చదువు విద్యార్థులలో పలువురు ఈ రెంటిని సూత్రముల మూటగా మోయుచుందురు. పరీక్ష కాగితముపై అంకెలను సూత్రములో వేసి, పట్టికలోని అంకెతో పోల్చి, 'సార్థకము' అనియో 'సార్థకము కాదు' అనియో వ్రాసి పుట త్రిప్పుదురు. మా దృష్టిలో సూత్రము తరువాతి మాట. కూడికలును భాగహారములును రెప్పపాటులో చేసి యిచ్చుటకు నేడు కంప్యూటర్లున్నవి. ఆ అంకెలు ఎట్లు సేకరింపబడినవను ప్రశ్న మాత్రము వానికి తమంతట తట్టదు. మనమే అడుగవలెను.

ఒక కాఫీపొడి వ్యాపారి యున్నాడనుకొందము. పొడి యొక్కటే. పొట్లపు కాగితము ఎరుపుగా నుండవలెనా, నీలముగనా, ఆకుపచ్చగనా యనునది అతడు తేల్చుకొనవలసి యున్నది. వేలకొలది కాగితములు అచ్చయిన పిదప వెనుకకు మరలుట నష్టము. కావున ముందుగా పదునైదు అంగళ్లను ఎన్నుకొని, ఒక్కొక్క రంగును ఐదేసి అంగళ్లలో ఒక వారము అమ్మించినాడు. ఎరుపు పొట్లములు ఐదు అంగళ్లలో 18, 20, 22, 24, 26 అమ్ముడుపోయినవి. నీలము 22, 20, 24, 28, 26. ఆకుపచ్చ 22, 26, 24, 28, 30. లెక్క తేలికగా నుండుటకై మేము కల్పించిన అంకెలివి. సగటులు వరుసగా 22, 24, 26. ఆకుపచ్చ గెలిచినదని గుమాస్తా అప్పుడే అచ్చుకూటమునకు బయలుదేరును. అతనిని కొంచెము సేపు ఆపుదము.

ఇట్టి సందేహమును తీర్చు తర్కమునకు మిక్కిలి చిన్న ఉదాహరణము ఒక తేనీటి కప్పులో దొరకును. 1920 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండు దేశమున రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున పనిచేయుచుండిన ఒక మహిళ, కప్పులో పాలు ముందు పోసినారో తేనీరు ముందు పోసినారో రుచి చూచి చెప్పగలననెను. అచ్చటి గణాంక శాస్త్రజ్ఞుడు రోనాల్డ్ ఫిషర్ ఆ మాటను కొట్టిపారవేయలేదు, నమ్మనూ లేదు. 1935లో ప్రకటించిన గ్రంథములో ఆయన ఈ పరీక్షను ఇట్లు వివరించినాడు. ఎనిమిది కప్పులు, నాలుగింట పాలు ముందు, నాలుగింట తేనీరు ముందు. వానిని ఏ క్రమమునకును లోబడకుండ కలిపి ముందుంచవలెను. ఆమెకు రుచి భేదమేమియు తెలియదనియు, ఊరక ఊహించుచున్నదనియు మొదట అనుకొందము. దీనినే శూన్య పరికల్పన యందురు. ఎనిమిది కప్పుల నుండి నాలుగింటిని ఏరుటకు 70 విధములున్నవి. కేవలము ఊహతో నాలుగింటిని సరిగా ఏరుటకు 70లో ఒక్క అవకాశమే. అట్లు ఏరినచో మన మొదటి యూహను సందేహింపవలసి వచ్చును. నాలుగింటిలో ఒకటి తప్పినను ఒప్పుకొందుమన్నచో ఆ అవకాశము 70లో 17కు పెరిగిపోవును. అనగా నాలుగింట నొక వంతునకు దగ్గర. అంతటి దానికి ఎవరును ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఎంత అరుదైనచో ఆశ్చర్యపడవలెను? ఫిషర్ 1925 నాటి గ్రంథమున ఇరువదింట ఒకటి అనుకూలమైన హద్దని వ్రాసినాడు. నూటికి 5 అను ఆ హద్దు నేటికిని వాడుకలో నున్నది. అది సౌకర్యము కొరకు పెట్టుకొన్న గీతయే గాని శాస్త్రము విధించిన శాసనము కాదు. ఈ సంగతి మరచినవారి వలననే పెక్కు అనర్థములు కలిగినవి.

ఇక కాఫీపొడికి వత్తము. ఇచ్చట శూన్య పరికల్పన యేమనగా, కాగితపు రంగు వలన అమ్మకమునకు భేదమేమియు లేదు. కనబడిన తేడాలన్నియు అంగడికి అంగడికి సహజముగా నుండునవే. పదునైదు అంకెల మొత్తపు సగటు 24. ప్రతి అంకెయు ఈ 24 నుండి ఎంత తొలగినదో చూచి, ఆ తొలగింపును వర్గము చేసి కూడినచో 160 వచ్చును. ఈ 160 రెండు పాళ్లుగా విడిపోవును. రంగుల సగటులు 24 నుండి తొలగుట వలన వచ్చినది 40. ఒకే రంగు అమ్మిన అంగళ్లలో తమలో తమకు గల తేడాల వలన వచ్చినది 120. రెండును కలిసి సరిగా 160. ఒక్క చుక్కయు చిందదు. ఈ లెక్క యందు మాకు నచ్చిన గుణమిదియే. విస్తృతి విశ్లేషణ యను పేరు కూడ ఈ పంపకమును బట్టి వచ్చినదే.

40, 120లను నేరుగా పోల్చరాదు. మూడు సగటులలో, మొత్తపు సగటు తెలిసిన పిదప, స్వేచ్ఛగా మారగలవి రెండే. ఒక్కొక్క రంగు క్రిందనున్న ఐదంకెలలో నాలుగే. మూడు రంగులకు 12. ఈ స్వాతంత్ర్య సంఖ్యలతో భాగించినచో రంగుల నడుమ 20, రంగుల లోపల 10 వచ్చును. ఇరువదిని పదితో భాగింపగా 2. రంగునకు ప్రభావము లేనప్పుడు ఈ నిష్పత్తి 1కి దగ్గరగా నుండవలెను. పట్టిక ప్రకారము ఇచ్చట హద్దు 3.89. మనకు వచ్చిన 2 గాని, అంతకు మించినది గాని, రంగుతో సంబంధము లేకుండగనే నూటికి 18 మార్లు వచ్చును. గుమాస్తా అచ్చుకూటమునకు పోనక్కరలేదు. అట్లని రంగునకు ప్రభావము లేదని ఋజువైనదా? అదియు కాదు. సాక్ష్యము చాలలేదు, అంతే.

ఈ నిష్పత్తికి ఎఫ్ అను అక్షరమును 1934లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్నెడెకోర్ ఫిషర్ గౌరవార్థము వాడినాడు. ఫిషర్ 1923లో వినిఫ్రెడ్ మెకెంజీతో కలిసి బంగాళాదుంప రకములకు ఎరువులు వేసి, ఫలితములను ఈ విధముగా విడదీసి చూపినాడు. రోథామ్‌స్టెడ్ కేంద్రమును 1843లో నెలకొల్పిన జాన్ లాస్ స్వయముగా ఎరువుల తయారీదారుడు. ఏ ఎరువు మేలు, ఏ కాగితము మేలు అనునవి రూపములో నొకటే ప్రశ్న. రెండేసి సగటులను మాత్రము పోల్చు పరీక్ష అంతకు మునుపే యున్నది. డబ్లిన్ నగరమున గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో దానిని ప్రకటించినాడు. ఉద్యోగులు స్వంత పేరుతో వ్రాయుటకు కంపెనీ ఒప్పుకొననందున 'స్టూడెంట్' అను మారుపేరు పెట్టుకొన్నాడు. కొలదిపాటి మచ్చులతోనే నిర్ణయము చేయవలసి వచ్చిన వ్యాపారము నుండియే ఆ విద్య పుట్టినదని మన వాణిజ్య విద్యార్థులు గుర్తుంచుకొనదగును.

అట్లయిన ఎరుపును నీలముతోను, నీలమును ఆకుపచ్చతోను, ఇట్లు రెంటిని రెంటిని గాసెట్ పద్ధతితోనే పోల్చరాదా? ఒక్కొక్క పోలికలో నూటికి 5 వంతున పొరపాటునకు చోటిచ్చుచున్నాము. మూడు రంగులకు మూడు జతలు. ఆ పోలికలు ఒకదానితో నొకటి సంబంధము లేనివనుకొన్నచో, ఎక్కడనో యొకచోట అబద్ధపు భేదము కనబడు అవకాశము నూటికి 14. ఐదు రంగులైనచో పది జతలు. ఆ అవకాశము నూటికి 40. పదిమార్లు వల విసరినవానికి ఒక చేప చిక్కుట వింత గాదు. కావుననే మొదట అన్నింటిని కలిపి ఒకే ప్రశ్నగా అడుగుట.

ఇప్పుడు అవే అంకెలను మరియొక విధముగ సేకరించినట్లు భావింతము. అంగళ్లు పదునైదు కావు, ఐదే. ప్రతి అంగడిలోను వారమునకొక రంగు చొప్పున మూడు వారములు అమ్మినారు. ఏ వారమున ఏ రంగో ప్రతి అంగడికిని చీట్లు వేసి నిర్ణయించినారు. మూడు రంగులను ప్రక్కప్రక్కన పెట్టినచో ఒకదాని బేరము నొకటి లాగికొనును గనుక అట్లు చేయలేదు. పై వరుసలలో మొదటి అంకె మొదటి అంగడిది, రెండవది రెండవ దానిది. అంగళ్ల మొత్తములు 62, 66, 70, 80, 82. చూడుడు, సందు చివరి అంగడికిని బజారు నడుమ అంగడికిని గిరాకిలో ఎంత తేడా! ఇంతకు ముందు లోపలి భేదమని ప్రక్కన పెట్టిన 120లో సుమారు 101 ఈ అంగళ్ల వలన వచ్చినదే. దానిని వేరు చేయగా మిగిలినది 18.67. స్వాతంత్ర్య సంఖ్య 12 నుండి అంగళ్ల కొరకు 4 పోయి 8 మిగులును. భాగింపగా 2.33. రంగుల నడుమ వచ్చిన 20ని దీనితో భాగించినచో 8.57. ఇచ్చట హద్దు 4.46. రంగునకు ప్రభావము లేనిచో ఇంతటి నిష్పత్తి నూటికి ఒక మారు మాత్రమే వచ్చును.

అంకె యొక్కటియు మారలేదు, సగటులును మారలేదు. తీర్పు మాత్రము మారినది. మొదటి ప్రయత్నమున అంగళ్ల భేదము రంగుల భేదమును కప్పివేసినది. రెండవదానిలో వ్యాపారి ఆ కప్పును తొలగించు ఏర్పాటు ముందుగనే చేసికొన్నాడు. వేర్వేరు పదునైదు అంగళ్లలో సేకరించిన అంకెలను, వ్రాసిన వరుస కుదిరినదని చెప్పి తరువాత జతపరచి ఈ లెక్క చేయరాదు. అది మోసమగును. చీట్లు వేయుట కూడ అనవసరపు తంతు గాదు. ఆకుపచ్చ నంతటిని పండుగ వారమున అమ్మించినచో గెలిచినది పండుగయా, రంగా యని ఏ సూత్రమును చెప్పజాలదు. ఒకరి అమ్మకము మరియొకరి దానిని ప్రభావితము చేయకుండుట, సమూహముల లోపలి చెదురు ఇంచుమించు సమానముగ నుండుట మొదలైన నియమములును కలవు. పాఠ్యగ్రంథములు వానిని చక్కగనే చెప్పుచున్నవి.

ఈ విద్యకు మన తెలుగువారు చేసిన సేవ చిన్నది కాదు. 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు 1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరి, పిదప కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్దనే పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందినారు. పొట్లముల అమ్మకము వంటి ఒక్క కొలతనే గాక, పెక్కు కొలతలను ఒక్కమారుగా పోల్చు పరీక్షలను పెంపొందించిన వారిలో ఆయన ముఖ్యులు. 2023లో, 102 ఏండ్ల వయస్సున పరమపదించిరి.

వ్యాపారికి రెండు విధములైన పొరపాట్లు కాచుకొని యుండును. లేని భేదమును ఉన్నదని నమ్మి అచ్చునకు డబ్బు పోయుట యొకటి. ఉన్న భేదమును గుర్తింపక లాభము వదలుకొనుట రెండవది. 1933లో నేమన్, ఎగాన్ పియర్సన్ అను శాస్త్రజ్ఞులు ఈ రెంటిని విడదీసి లెక్కించు మార్గము చూపినారు. మొదటి దానికి మిక్కిలి భయపడినచో, మచ్చు పెంచనంత వరకు, రెండవది పెరుగును. ఏది యెక్కువ ఖరీదైనదో చెప్పవలసినవాడు వ్యాపారియే. 'సార్థకము' అను మాటకు 'లాభకరము' అని అర్థము లేదు. అంగళ్లు వేలుగా నున్నచో వారమునకు అర పొట్లపు తేడా కూడ సార్థకమని తేలవచ్చును. రంగు ఖర్చు దానిని మ్రింగివేయవచ్చును. అమెరికా గణాంక శాస్త్ర సంఘము 2016లో ఒక ప్రకటన చేసి, సంభావ్యత ఒక హద్దును దాటినదా లేదా యనుదానిని మాత్రమే బట్టి వ్యాపార నిర్ణయములు గాని, శాస్త్ర నిర్ణయములు గాని చేయరాదని హెచ్చరించవలసి వచ్చినది.

ఎఫ్ నిష్పత్తి హద్దు దాటినంత మాత్రమున ఏ రంగు ఏ రంగు కంటె మేలో తెలియదు. ఎక్కడనో భేదమున్నదని మాత్రమే అది చెప్పును. దానిని వెదకుటకు జాన్ ట్యూకీ యను అమెరికా శాస్త్రజ్ఞుడు చూపిన పద్ధతి కలదు. జతలు ఎన్ని యున్నను మొత్తపు పొరపాటు నూటికి 5 దాటకుండ అది కాపాడును. మన ఐదు అంగళ్ల లెక్కలో రెండు సగటుల నడుమ సుమారు 2.76 తేడా యున్నగాని నమ్మరాదని ఆ పద్ధతి చెప్పును. ఎరుపునకు ఆకుపచ్చకు తేడా 4, అది నిలుచును. నీలమునకు అటు ఇటు ఉన్న తేడాలు రెండేసి మాత్రమే, అవి నిలువవు. కావున వ్యాపారి ఎరుపును విడిచిపెట్టవచ్చును. నీలము, ఆకుపచ్చలలో ఏది మేలో ఈ అంకెలు తేల్చలేదు. అచ్చుకూటము వాడు ఏ రంగును చౌకగా వేసి యిచ్చునో కనుగొనుటకు గుమాస్తాను ఇప్పుడు పంపవచ్చును.